బైకులో చాలింది కారులో చాలదు

బైకు ఇంజన్ పెట్టి సొంతంగా కారు కట్టుకునేవాళ్లలో ఒక మాట పాతుకుపోయింది. "ఇంజన్ తయారుచేసినవాడు ఒక్క కూలెంట్ సెన్సర్ పెట్టాడు. వాడికి తెలియనిది నీకు తెలుసా? ఇంకోటి పెడితే ఇంకో చోట నీళ్లు కారతాయి, అంతే." ఈ మాట అనేవాళ్లు పని తెలియనివాళ్లు కారు. ఇంజన్లు విప్పి బిగించినవాళ్లు, సెలవురోజులన్నీ షెడ్డులో గడిపినవాళ్లు. కొత్తగా ఈ పనిలోకి దిగిన కుర్రాడు వాళ్ల మాట కాదనలేడు. అందుకే దీన్ని ఊరికే వదిలేయకూడదనుకుంటున్నాను. ఆ అభిప్రాయం తప్పు. ఇంజన్‌ను బైకు నుంచి ఊడదీసిన రోజే, ఆ ఒక్క సెన్సర్ సరిపోతుందన్న హామీ రద్దయిపోయింది.

ఇవి ఎలాంటి కార్లో ముందు చెప్పాలి. 1957లో కాలిన్ చాప్‌మన్ ఇంగ్లండులో లోటస్ సెవెన్ తెచ్చాడు. ఇద్దరు పట్టే తేలికపాటి కారు. విడిభాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకునే వీలుండేది. 1973లో దాని తయారీ హక్కులు కేటరమ్ చేతికి వెళ్లాయి. అదే రూపంలో కార్లు చేసే చిన్న సంస్థలు బ్రిటన్‌లో ఎన్నో వచ్చాయి. 1996లో రాన్ ఛాంపియన్ రాసిన పుస్తకం 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని చెప్పి ఎందరి చేతనో వెల్డింగ్ మిషన్ పట్టించింది. తర్వాత జపాన్ బైకులు ఈ లోకాన్ని మార్చేశాయి. 1998లో వచ్చిన యమహా ఆర్1 ఇంజన్ 998 సీసీతోనే 150 హార్స్‌పవర్ ఇచ్చేది. మరుసటి ఏడాది 1299 సీసీ సుజుకీ హయబుసా వచ్చింది. ఇంజన్‌తో పాటే ఆరు గేర్ల గేర్‌బాక్సు, క్లచ్ కలిసి చిన్న మూటలా దొరుకుతాయి. వెస్ట్‌ఫీల్డ్ సంస్థ హయబుసా ఇంజన్‌తో మెగాబుసా అనే కారే చేసింది. రాడికల్ రేసు కార్లు కూడా బైకు ఇంజన్లతోనే పేరు తెచ్చుకున్నాయి. మన దేశంలో ఇలాంటి బండిని రోడ్డెక్కించడం దాదాపు అసాధ్యం గానీ, ట్రాక్ మీద మాత్రం మన విద్యార్థులు ఏటా ఇదే పని చేస్తున్నారు. వాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు వాదన. తయారీదారుడు ఒక్క సెన్సర్ పెట్టాడు, నిజమే. ఎందుకు పెట్టాడు? ఆ బైకులో రేడియేటర్ ముందు చక్రం వెనకే, ఇంజన్‌కు జానెడు దూరంలో ఉంటుంది. హోస్ పైపులు పొట్టివి. పంపు ఎంత నీరు తోస్తుందో, ఏ వేగంలో రేడియేటర్‌కు ఎంత గాలి తగులుతుందో, నీళ్లు నింపేటప్పుడు గాలి ఎక్కడ నిలిచి ఎక్కడినుంచి బయటికి పోతుందో అతను పరీక్షించి తేల్చుకున్నాడు. మిగతావన్నీ తెలిసినప్పుడు ఒక్క చోట కొలిస్తే చాలు, తక్కినది లెక్కకు అందుతుంది. ఒక్క అంకె మొత్తం వ్యవస్థకు బదులుగా నిలబడగలిగింది అందుకే. అతని తెలివంతా ఆ ఒక్క సెన్సర్‌లో ఉందనుకోవడం పొరపాటు. దాని చుట్టూ ఉన్న అమరికలో ఉంది. మీరు సెన్సర్‌ను తెచ్చుకున్నారు, అమరికను అక్కడే వదిలేశారు.

కారులో ఏం జరిగిందో చూడండి. సెవెన్ తరహా కారులో ఇంజన్‌ను 90 డిగ్రీలు తిప్పి పెడతారు. బైకులో ఎడమవైపు ఉండే స్ప్రాకెట్ షాఫ్టు కారులో వెనక్కి తిరిగి ప్రొపెల్లర్ షాఫ్టును తిప్పాలి మరి. దాంతో సైలెన్సర్ పైపులు పక్కకు వస్తాయి, నీళ్ల దారులన్నీ మళ్లీ వేయాల్సి వస్తుంది. రేడియేటర్ ముక్కులోకి వెళ్తుంది. అది బైకుది కాదు, ఏదో చిన్న కారుది. పోయే పైపూ వచ్చే పైపూ మీటరు దాకా సాగుతాయి, మధ్యలో వంపులు, సైజు కలిపే జాయింట్లు. ముక్కు లోపల గాలిని రేడియేటర్ మీదికి మళ్లించే రేకులు చాలామంది వేయరు. గాలికి చుట్టూ సందు దొరికితే అది రేడియేటర్‌లోంచి ఎందుకు దూరుతుంది?

బరువు సంగతి కూడా ఉంది. హయబుసా బైకు నూనె, నీళ్లు లేకుండా 215 కిలోలు. అదే ఇంజన్ ఈ కార్లలో నాలుగైదు వందల కిలోలు లాగాలి. చక్రాలు బయటికి పొడుచుకొచ్చిన ఈ కార్లు గాలిని చీల్చుకుపోయే రకమూ కావు. బైకు మీద నూటముప్పై వేగంలో ఇంజన్ దాదాపు విశ్రాంతి తీసుకుంటుంది. కారులో అదే వేగానికి చెమటోడుస్తుంది. బైకు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఉంచేది కొన్ని సెకన్లే. ట్రాక్ మీద ఈ కారు ప్రతి ల్యాపులోనూ అదే పని చేస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఎత్తుపల్లాల విషయం. బైకు ఇంజన్ పొడవుగా నిలబడి ఉంటుంది, సెవెన్ ముక్కు నేలబారుగా ఉంటుంది. దాంతో నీళ్లు తిరిగే దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు రేడియేటర్ పైభాగం కాకుండా, సిలిండర్ హెడ్ దగ్గరో థర్మోస్టాట్ గూటిలోనో తేలుతుంది. లోపల మిగిలిపోయిన గాలి అక్కడికే చేరుతుంది. బైకు కంపెనీ సెన్సర్ పెట్టింది చాలా ఇంజన్లలో సరిగ్గా అక్కడే. అంటే మీరు నమ్ముకున్న ఏకైక సాక్షి గాలిబుడగలో కూర్చుని ఉండవచ్చు.

కూలెంట్ సెన్సర్ చెప్పేది ఇంజన్ వేడి కాదు. తన ముక్కుకు తగిలినదాని వేడి. నీళ్లు తగిలితే నీళ్ల వేడి చెబుతుంది. గాలో ఆవిరో తగిలితే ఆలస్యంగా, తక్కువగా చెబుతుంది. ఒక పైపు క్లిప్పు వదులై నీళ్లు పోయాయనుకోండి. సిలిండర్ హెడ్ కాలిపోతుంటే మీటరులో అంకె మొదట కాస్త పెరిగి, తర్వాత తగ్గడం మొదలెట్టవచ్చు. నడిపేవాడు హమ్మయ్య అనుకుంటాడు. ఇంజన్ పట్టేసే దాకా ఆ అంకె అతనికి ధైర్యం చెబుతూనే ఉంటుంది. ఇలా పోయిన ఇంజన్‌ను రీబోరు కొట్టించి సరిచేయలేం. ఈ ఇంజన్లలో సిలిండర్ గోడలకు ఇనుప లైనర్లు ఉండవు, అల్యూమినియం మీద గట్టి పూత ఉంటుంది. అది గీసుకుపోతే మళ్లీ పూత వేయించాలి, లేదా బ్లాకే మార్చాలి. ఒక్క సెన్సర్ ధర గురించి బేరమాడేవాళ్లు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

రేడియేటర్ నుంచి పంపుకు తిరిగొచ్చే పైపులో రెండో సెన్సర్ ఉంటే ఇదే ప్రమాదంలో ఏం కనిపిస్తుంది? కారు ముక్కు దగ్గరి నీళ్లు తిరగడం ఆగిపోతే అక్కడి అంకె బయటి గాలి వేడి వైపు దిగిపోతుంది. ఒకటి 85 అంటుంది, రెండోది 45 అంటుంది. ఇంజన్ పూర్తి బరువు లాగుతున్నప్పుడు నలభై డిగ్రీల తేడా ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థలో రాదు. రెండూ కలిసి పడిపోతున్నా అంతే, పూర్తి యాక్సిలరేటర్ మీద అది జరగకూడని పని. ఒక్క మీటరు పడిపోతే శుభవార్తలా కనిపించేది, రెండు మీటర్లు ఉంటే వెంటనే అనుమానించాల్సిన విషయం అవుతుంది. నీళ్లు పోవడాన్ని పట్టుకోవడానికి ప్రెషర్ సెన్సర్ ఇంకా త్వరగా పనిచేస్తుందని కొందరంటారు. ఒప్పుకుంటాను, వీలైతే అదీ పెట్టండి. కానీ రేడియేటర్ తన పని చేస్తోందా లేదా అన్నది ప్రెషర్ చెప్పలేదు.

ఆ సంగతి చెప్పేది రెండు అంకెల మధ్య తేడా. అదనపు సెన్సర్‌ను అలంకారం అనేవాళ్లు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూడాలని నా కోరిక. పంపు నిమిషానికి 60 లీటర్లు తోస్తోందనుకుందాం. ఇంజన్ నుంచి 40 కిలోవాట్ల వేడి నీళ్లలో కలుస్తోందనుకుందాం. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్‌ను లీటరుకు ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 3.7 కిలోజౌళ్లు కావాలి. సెకనుకు ఒక లీటరు పోతోంది కాబట్టి, ఇంజన్ నుంచి బయటికొచ్చే నీళ్లకూ తిరిగొచ్చే నీళ్లకూ మధ్య తేడా 11 డిగ్రీల దగ్గర తేలుతుంది. ఇప్పుడు ఎక్కడో పైపు నలిగి ప్రవాహం సగమైతే, అంతే వేడికి తేడా 22కు పెరుగుతుంది. అలా కాకుండా రేడియేటర్‌కు గాలి తగలడం లేదనుకోండి, తేడా 11 దగ్గరే ఉంటుంది, రెండు అంకెలూ కలిసి పైకి ఎగబాకుతాయి. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంటే ఇంజన్ వైపు కాలుతుంది, రేడియేటర్ వైపు చల్లగా ఉండిపోతుంది.

మూడు జబ్బులు, మూడు వేర్వేరు లక్షణాలు. ఒక్క సెన్సర్ ఉన్నవాడికి మూడూ ఒకేలా కనిపిస్తాయి: బండి హీటెక్కింది. అప్పుడతను ఏం చేస్తాడు? పెద్ద రేడియేటర్ కొంటాడు. అది కుదరకపోతే రెండో ఫ్యాన్ తగిలిస్తాడు. అదీ కాకపోతే థర్మోస్టాట్ పీకేస్తాడు. అసలు లోపం ఒక నలిగిన పైపులోనో, ముక్కులో మూయని సందులోనో ఉంటుంది. ఈ కార్లలో అవసరానికి మించిన రేడియేటర్లు ఎన్ని ముక్కుల్లో ఇరికించి ఉన్నాయో చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. ఆ అదనపు నీళ్లూ లోహమూ మోసుకు తిరిగేవాళ్లే మరో సెన్సర్ బరువెక్కువ అంటుంటే నాకు బాధ కలుగుతుంది.

ఇక ఒక మధ్యేమార్గం ప్రచారంలో ఉంది. మొదటి అభిప్రాయం కంటే ఇది ప్రమాదకరం. "రెండో సెన్సర్ ఎందుకు? ఉన్న సెన్సర్ వైరుకే ఇంకో మీటరు కలిపేయ్." చేయకండి. ఈ సెన్సర్ లోపల వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే చిన్న ముక్క ఉంటుంది. కార్లలో విరివిగా వాడే బాష్ రకంలో 20 డిగ్రీల దగ్గర 2500 ఓమ్‌లు ఉండేది 100 డిగ్రీలకు సుమారు 186కు పడిపోతుంది. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, తన లోపలి రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూసి వేడి లెక్కిస్తుంది. అదే వైరుకు మరో మీటరు కలిపితే, ఆ మీటరు కూడా తనవంతు కరెంటు అందులోకి తోస్తుంది. రెండింటి లోపలి రెసిస్టర్లూ, వోల్టేజీలూ సమానమనుకున్నా, ఈసీయూకు సెన్సర్ నిరోధం రెట్టింపుగా కనిపిస్తుంది. 186 ఓమ్‌లు 372 అవుతాయి. అంటే 100 డిగ్రీల నీళ్లను ఈసీయూ 75 చుట్టూ ఉన్నాయనుకుంటుంది. చల్లటి ఇంజన్ అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఫ్యాన్ దాని చేతిలో ఉంటే తిప్పడం ఆలస్యం చేస్తుంది. చూడటానికి తగిలించిన మీటరే ఇంజన్‌ను కాల్చడానికి సాయపడుతుంది. విడి మీటరుకు విడి సెన్సర్ కావాలి. ఇందులో రాజీ లేదు.

"డ్యాష్ మీద ఎర్ర దీపం ఉంది కదా" అనేవాళ్లకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఆ దీపం వెలిగే హద్దును బైకు కోసం పెట్టారు. చాలా బైకుల్లో ఫ్యాన్ తిరగడమే 100 దాటాక. దీపం ఇంకా పైన వెలుగుతుంది. మీ కారులో ఆ హద్దు దగ్గరికి చేరేసరికి సమస్య మొదలై చాలాసేపయి ఉంటుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

నీళ్లు కారతాయన్న అభ్యంతరం మాత్రం గౌరవించదగ్గది. చెత్తగా బిగించిన సెన్సర్ అసలు లేనిదానికంటే హీనం, ఆ మాట కాదనను. అయితే దానికి మందు సరిగా బిగించడమే. చాలా రేడియేటర్లకు ఫ్యాన్ స్విచ్ కోసం మర చేసిన రంధ్రం ముందే ఉంటుంది. అది నీళ్లు బయటికెళ్లే వైపు ఉంటే ఏ పైపూ కోయక్కర్లేదు, మర సైజు సరిపోయే సెన్సర్ తెచ్చి కొత్త రాగి వాషర్ వేసి బిగిస్తే చాలు. పైపు కోయక తప్పకపోతే, మధ్యలో పెట్టే అల్యూమినియం జాయింటు చివర్లకు అంచు తేలి ఉందో లేదో చూసుకోండి. నున్నటి గొట్టం మీదినుంచి హోస్ ఒత్తిడికి జారిపోతుంది. క్లిప్పు ఆ అంచుకు లోపలివైపు పడాలి. మొదటిసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించాలి.

ఎర్త్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే "అదనపు సెన్సర్లు తప్పుడు రీడింగ్ ఇస్తాయి" అన్న చెడ్డపేరు చాలావరకు ఇక్కడే పుట్టింది. ఒకే వైరు ఉండే సెన్సర్ తన లోహపు ఒంటి గుండా ఎర్త్ తీసుకుంటుంది. రెండు రబ్బరు పైపుల మధ్య వేలాడే జాయింటులో దాన్ని బిగిస్తే ఎర్త్ ఎక్కడినుంచి వస్తుంది? నీళ్ల గుండా అరకొరగా వచ్చేదానితో అంకె ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది. మరల మీద తెల్ల టేపు మందంగా చుడితే ఉన్న కాస్త ఆనుడూ పోతుంది. ఫ్యాన్ ఎర్త్ పాయింటుకే దీన్నీ కలిపితే, ఫ్యాన్ తిరిగిన ప్రతిసారీ రీడింగ్ గెంతుతుంది. రెండు వైర్ల సెన్సర్ తీసుకుని, రెండో వైరును నేరుగా మీటరు దగ్గరికే తీసుకెళ్లండి. ఇంజన్ చల్లగా ఉన్న ఉదయాన స్విచ్ వేసి చూడండి: రెండు సెన్సర్లూ ఒకే అంకె చూపాలి. చూపకపోతే ఎంత తేడా ఉందో రాసి పెట్టుకోండి. మరిగే నీళ్లలో ముంచి ఇంకోసారి సరిచూసుకుంటే ఆ పని పూర్తయినట్టే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ లాంటి పోటీలకు తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచీ జట్లు వెళ్తున్నాయి. నిబంధనల ప్రకారం ఇంజన్ 710 సీసీ దాటకూడదు, లోపలికి వెళ్లే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. మన జట్లలో చాలామంది ఎంచుకునేది కేటీఎం 390 ఇంజన్. బ్రిటన్ షెడ్డుల్లోని అభిప్రాయం వీళ్లకూ వచ్చి చేరింది, పైగా గ్రాముల లెక్క తోడయింది. బరువు తగ్గించాలి కాబట్టి బైకు మీటరు కూడా తీసేసి, ఈసీయూ చెప్పే ఒక్క అంకెతో సరిపెట్టుకుంటారు.

వీళ్ల పరిస్థితి బ్రిటన్ వాళ్లకంటే కష్టం. ఈ పోటీల్లో కూలెంట్‌గా గ్లైకాల్ వాడకూడదు, ట్రాక్ మీద ఒలికితే జారుతుంది కాబట్టి మామూలు నీళ్లే పోయాలి. మూత 1.1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు 120 దాటాక గానీ మరగవు. మూత రబ్బరు పాడైతే 100కే మరుగుతాయి. గ్లైకాల్ ఇచ్చే ఆ కొద్ది వెసులుబాటు వీళ్లకు లేదు. సుమారు 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగు మధ్యలో డ్రైవర్ మారాలి, అప్పుడు ఇంజన్ ఆపేయాలి. పంపును తిప్పేది ఇంజనే కాబట్టి నీళ్లు నిలిచిపోతాయి. హెడ్‌లోని వేడి నిలిచిన నీళ్లలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాల తర్వాత స్టార్టు కాని కార్లు అక్కడే ఆగిపోతాయి, ఏడాది కష్టం పోతుంది. రెండో సెన్సర్ రీడింగులు ముందే రికార్డు చేసుకున్న జట్టుకు, పిట్‌లోకి రావడానికి ముందు ఎన్ని డిగ్రీలు దించుకుని రావాలో తెలుస్తుంది. రేడియేటర్ ఈ సైజే ఎందుకు ఎంచుకున్నారని డిజైన్ జడ్జీలు అడిగినప్పుడు చూపడానికి చేతిలో కాగితమూ ఉంటుంది. ఒక్క సెన్సర్‌తో ఆ ప్రశ్నకు జవాబు లేదు. అది గ్రాముల్లో కొలవాల్సిన లాభం కాదు.

చివరిగా ఒక అభ్యంతరం మిగిలింది: మలుపులో ఉన్న డ్రైవర్ రెండు అంకెలు ఎలా చూస్తాడు? చూడక్కర్లేదు. రెండు సెన్సర్లనూ రీడింగులు రికార్డు చేసే లాగర్‌కు కలిపి, రెండు దీపాలు పెట్టండి. రెండు అంకెలూ పెరుగుతూ తేడా మామూలుగానే ఉంటే పసుపు దీపం. తేడా అసాధ్యంగా పెరిగినా, పూర్తి యాక్సిలరేటర్ మీద రెండూ కలిసి పడిపోయినా ఎర్ర దీపం. పసుపు వెలిగితే నీళ్లు లోపలే ఉన్నాయి, తిరుగుతున్నాయి. యాక్సిలరేటర్ తగ్గించి, పై గేరులో మెల్లగా ఒక ల్యాపు తిప్పాలి, ఇంజన్ ఆపకూడదు, ఆపితే పంపు ఆగుతుంది. ఎర్రది వెలిగితే నీళ్లు లేవనో, కదలడం లేదనో అర్థం. క్లచ్ నొక్కి, ఆ క్షణమే ఇంజన్ ఆపేసి, పక్కకు తీయాలి. ఒక సందర్భంలో ఆపితే చెడుతుంది, రెండో సందర్భంలో ఆపకపోతే చెడుతుంది. ఒక్క సెన్సర్ చాలనేవాళ్లు, మీటరులో అంకె కదిలినప్పుడు ఈ రెండింటిలో ఏది చేయాలో తమ డ్రైవర్‌కు ఎలా చెబుతారో వివరించాలి.